అంతర్యుద్ధం అనబడే యుద్ధం: ‘సూడాన్, రిమెంబర్ అస్’

సూడాన్ గురించి తెలుగు పత్రికల్లో వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెంట ‘అంతర్యుద్ధం’ అన్న మాట వస్తుంది. అలవాటైన మాటే. ఒక దేశపు ప్రజలు రెండుగా చీలడం, ఆ దేశపు ఎల్లల లోపలే కొట్టుకోవడం అన్న రెండు అర్థాలు అందులో కలిసి ఉన్నాయి. 2023 ఏప్రిల్ 15న ఖార్టూమ్‌లో మొదలైన యుద్ధానికి ఈ రెండర్థాల్లో ఏదీ సరిగ్గా అతకదు. అది మొదలైంది రెండు సైన్యాల మధ్య. ఒకటి జనరల్ అబ్దెల్ ఫత్తా అల్ బుర్హాన్ చేతిలోని దేశ సైన్యం. రెండవది హెమెద్తీగా పేరుపడ్డ మొహమ్మద్ హమ్దాన్ దగలో నడిపే రాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్, అంటే డార్ఫుర్‌లో ఊళ్ళు తగలబెట్టిన జంజవీద్ ముఠాల నుంచి 2013లో ప్రభుత్వమే తయారుచేసుకున్న దళం. యుద్ధానికి పద్దెనిమిది నెలల ముందు, 2021 అక్టోబర్ 25న, ఈ ఇద్దరూ చేయి చేయి కలిపి పౌర ప్రభుత్వాన్ని కూలదోశారు. ఆ కుట్రను వీధుల్లో ఎదిరించిన యువతరం మీద కాల్పులు జరిపించిన రోజుల్లో వాళ్ళిద్దరూ ఒకే వైపున ఉన్నారు. తరువాత అధికారం పంచుకోవడం దగ్గర వాళ్ళకు కుదరలేదు.

హింద్ మెద్దెబ్ తీసిన డాక్యుమెంటరీ ‘సూడాన్, రిమెంబర్ అస్’ (2024) ఈ మాటలో దాగిన మొదటి అబద్ధాన్ని చెదరగొడుతుంది. రెండవదాని జోలికి దాదాపుగా పోదు. ఆ రెండవదాన్ని గల్ఫ్‌లో, ముఖ్యంగా ఎమిరేట్స్‌లో, కూర్చుని చూసే ప్రేక్షకుడు తనంతట తాను పూరించుకోవలసి ఉంటుంది. ఈ చిత్రాన్ని గురించి పాశ్చాత్య పత్రికల్లో వచ్చిన ప్రశంసల్లో ఎక్కువ భాగం దాని కవిత్వం దగ్గరే ఆగిపోయింది గనుక, ఆ పూరణ గురించి కూడా మాట్లాడుకోవడం అవసరం.

మెద్దెబ్ ఫ్రాన్స్‌లో పనిచేసే దర్శకురాలు. ట్యునీసియా రచయిత అబ్దెల్వహాబ్ మెద్దెబ్ కుమార్తె. పారిస్ వీధుల్లో గుడారాలు వేసుకున్న శరణార్థుల మీద ‘పారిస్ స్టాలిన్‌గ్రాడ్’ అనే చిత్రం తీస్తున్న కాలంలో ఆమెకు సూడాన్ నుంచి పారిపోయి వచ్చిన యువకులు పరిచయమయ్యారు. వాళ్ళు వదిలి వచ్చిన దేశంలో విప్లవం మొదలైందని విని, 2019లో కెమెరాతో ఖార్టూమ్ చేరుకుంది. సైనిక ప్రధాన కార్యాలయం ఎదుట జనం బైఠాయించిన శిబిరం అప్పటికింకా నిలిచే ఉంది. ఆ తరువాత కొన్నేళ్ళ పాటు ఆమె మళ్ళీ మళ్ళీ వెళ్ళింది, అక్కడి స్నేహితులను చిత్రీకరించింది. 2023లో యుద్ధం వచ్చిపడడంతో అంతవరకు తీసినదంతా ఒక్కరోజులో గతమైపోయింది. వెనిస్ ఉత్సవానికి అనుబంధంగా జరిగే జొర్నాతే దెల్యి అవుతోరిలో తొలిసారి ప్రదర్శితమైన ఈ చిత్రం నిడివి గంటా పావుకు కాస్త అటూ ఇటూ.

చిత్రం యుద్ధంతోనే మొదలవుతుంది, అదీ ఫోన్లలో వచ్చిన మాటల ద్వారా. ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరి వీధిలో ఏం పేలుతోందో చెప్పే వాట్సాప్ సందేశాలు అవి. గొంతుల్లో కంగారుకన్నా అలసట ఎక్కువ. అక్కడినుంచి కథ నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళి, వేలమంది గుమిగూడిన వెలుతురులోకి అడుగుపెడుతుంది. ఈ అమరికకు ఒక ప్రయోజనం ఉంది. 2019 నాటి నవ్వులను చూసేటప్పుడు వాటి తరువాత ఏం రాబోతుందో ప్రేక్షకుడికి ముందే తెలుసు గనుక, దర్శకురాలు ఎక్కడా విషాద సంగీతం పోయనక్కరలేకపోయింది. ఒక ప్రమాదం కూడా ఉంది, దాని ప్రస్తావన ముందు ముందు వస్తుంది.

ఆ శిబిరం ఎలా వచ్చిందో తెలియనివారి కోసం రెండు మాటలు. 2018 డిసెంబరులో రొట్టె ధర పెరిగినందుకు రైల్వే పట్టణం అత్బరాలో జనం వీధికెక్కారు. నాలుగు నెలల్లో ఆ నిరసన దేశమంతా పాకింది. 2019 ఏప్రిల్ 6న ఖార్టూమ్ జనం సైనిక కార్యాలయం ముందు కూర్చున్నారు. ఆ తేదీ యాదృచ్ఛికం కాదు, 1985లో నిమేరీ నియంతృత్వం కూలినది కూడా ఏప్రిల్ 6నే. అయిదు రోజులకు, ముప్ఫయ్యేళ్ళుగా పాలిస్తున్న ఒమర్ అల్ బషీర్ పడిపోయాడు. సైన్యం అధికారాన్ని పౌరులకు అప్పగించేదాకా లేచేది లేదని జనం అక్కడే ఉండిపోయారు. ఆ రోజుల్లో తెల్లని తోబ్ కట్టుకుని కారు పైన నిలబడి చేయెత్తిన ఒక యువతి ఫోటో ప్రపంచమంతా తిరిగింది. మెద్దెబ్ చిత్రం చేసిన మొదటి మేలు ఆ ఫోటోలోని మౌనాన్ని పగలగొట్టడం. ఇక్కడ ఆడపిల్లలు మాట్లాడతారు, వాదిస్తారు, ఇంట్లో తండ్రితోనూ అన్నతోనూ తెగని తగవులను కూడా విప్లవం లెక్కలోనే వేస్తారు. టీ అమ్ముకునే స్త్రీలు, గోడల మీద బొమ్మలు వేసే కుర్రాళ్ళు, నినాదాల లయ పట్టుకున్న చిన్నపిల్లలు, అందరూ ఆ కెమెరా ముందు సమానంగా తెలివైనవాళ్ళే. బాధితుల ముఖాలను దగ్గరగా చూపించి జాలి రాబట్టే అలవాటు యుద్ధ డాక్యుమెంటరీలకు బాగా ఉంది. ఈ చిత్రంలో అది లేదు.

వీటన్నిటి మధ్యా తీగలా సాగేది కవిత్వం. బారికేడ్ల పక్కన, ఇంటి మేడల మీద, నది ఒడ్డున, ఎక్కడ చూసినా ఎవరో ఒకరు పద్యం చెబుతూ కనిపిస్తారు. పక్కనున్నవాళ్ళు చివరి మాట అందుకుంటారు. ఫ్రెంచి, ఇంగ్లీషు సమీక్షకులకు ఇది అబ్బురంగా తోచింది. తెలుగు ప్రేక్షకుడికి అంత అబ్బురం కలగదు. బహిరంగ సభలో కవిత చదివితే జనం అందుకోవడం, పాటకు వంత కట్టడం, పాట రాసినవాడిని పోలీసులు వెతకడం తెలుగు నేలకు పరిచయమైన సంగతులు. శ్రీకాకుళంలో జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. చెరబండరాజు జీవితంలో ఎన్నో ఏళ్ళు జైళ్ళకూ కోర్టులకూ పోయాయి. 2009 చలిరోజుల్లో ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల ముందు డప్పు ఆగకుండా మోగింది. కాబట్టి విప్లవంలో కవిత్వం ఉండడం వార్త కాదు. ఆ కవిత్వం ఏ పని చేస్తోందన్నదే అడగవలసిన ప్రశ్న.

చిత్రం బలమైన ఘట్టాలలో ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఈ యువకవులు తమ దుఃఖాన్ని వెళ్ళగక్కడానికి పద్యం చెప్పడం లేదు. ఎదురుగా తుపాకీతో నిలబడిన సైనికుడు కూడా ఇదే దేశపు పేదవాడని, అతనికి వినిపించేలా చెప్పాలని వాళ్ళ పట్టుదల. శిబిరం సైనిక కార్యాలయం గోడకు ఆనుకుని ఉండడం వల్ల ఆ మాటలు నిజంగానే లోపలికి వెళ్ళాయి. బషీర్ పతనానికి ముందు రోజుల్లో కొందరు కింది స్థాయి సైనికులు జనం పక్షాన నిలబడ్డారు కూడా. పైగా ఇది ఒక్క తరం కనిపెట్టిన విద్య కాదు. 1964 అక్టోబర్ విప్లవాన్ని మొహమ్మద్ వర్దీ గొంతుతో గుర్తుపెట్టుకునే దేశం అది. ప్రజాకవిగా పేరుపొంది జైళ్ళలో మగ్గిన మహజూబ్ షరీఫ్ 2014లో చనిపోయేదాకా ఓందుర్మాన్‌లో ఆయన ఇల్లు యువకులకు బడిలాంటిది. ఈ వంశవృక్షాన్ని చిత్రం విప్పి చెప్పదు. చెప్పి ఉంటే ఈ పిల్లల కవిత్వం ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపించేది కాదు.

2019 జూన్ 3న, రంజాన్ నెల చివర్లో, తెల్లవారుజామున సైనిక మూకలు శిబిరం మీద పడ్డాయి. వందమందికి పైగా చనిపోయారు. శవాలను నైలు నదిలో పారేశారు. ఇంటర్నెట్‌ను రోజుల తరబడి కట్టేశారు. ఈ భాగానికి మెద్దెబ్ ఫోన్లలో తీసిన దృశ్యాలను ఆశ్రయించింది. వణికే తెర, పరుగు, పొగ, గొంతులు. నిడివి తక్కువ, వ్యాఖ్యానం ఇంకా తక్కువ. తరువాత ఆమె మళ్ళీ మనుషుల ముఖాల దగ్గరకు వస్తుంది. బతికి బయటపడ్డవాళ్ళు అదే చోట తాము ఏం చూశారో చెబుతున్నప్పుడు కెమెరా వాళ్ళని తొందరపెట్టదు. హింసను చూపించడంలో ఇంతకన్నా మర్యాద సాధ్యం కాదేమో. ఇంటర్నెట్ లేని ఆ రోజుల్లో, ఇంటింటికీ వెళ్ళి చెప్పుకుని, కాగితాలు పంచుకుని, జూన్ 30న లక్షలాది జనం మళ్ళీ వీధుల్లోకి వచ్చారు. ఆ దేశపు ఆధునిక చరిత్రలో అంతకన్నా ఆశ్చర్యకరమైన సంఘటన మరొకటి వెతకడం కష్టం.

సరిగ్గా ఇక్కడే చిత్రంలోని లోపం బయటపడుతుంది. ఇంటర్నెట్ లేకుండా అంతమందిని బయటికి తెచ్చింది ఎవరు? కవిత్వం తెచ్చిందని చిత్రం చూసినవాడికి అనిపిస్తుంది. తెచ్చింది పేట పేటనా ఉన్న ప్రతిఘటన కమిటీలు. 2013 నిరసనల కాలం నుంచి మొలకెత్తి, వీధికి పది పదిహేనుమంది చొప్పున అల్లుకున్న సంఘాలవి. వాటితో పాటు, ఉద్యమపు తొలి నెలల్లో పిలుపులిచ్చిన సూడానీస్ ప్రొఫెషనల్స్ అసోసియేషన్ ఉంది. డాక్టర్లు, లాయర్లు, టీచర్లు, ఇంజనీర్లు, పాత్రికేయులు కలిసి 2016లో ఏర్పరుచుకున్న సమాఖ్య అది. 2018 డిసెంబర్ 25న వాళ్ళు తలపెట్టిన ఊరేగింపు కనీస వేతనం పెంచమని అడగడానికి! జనం ముందే వీధిలో ఉండడంతో ఆ కోరిక ‘దిగిపో’ అన్న డిమాండుగా మారిపోయింది. విదేశాల్లో ఉద్యోగాలు చేసుకునే తెలుగు చదువరులు కాసేపు ఆగి ఆలోచించవలసిన విషయమిది. ఒక నియంతను దించిన ఉద్యమానికి తెర వెనుక దారులు వేసినవాళ్ళలో జీతాల లెక్కలు చూసుకునే మధ్యతరగతి ఉద్యోగులు ఉన్నారు.

తెలుగు అనుభవంలో పాటతో పాటు దళం, సంఘం, పార్టీ వచ్చాయి. పాటను మెచ్చుకున్నా, మెచ్చుకోకపోయినా దాని వెనుక ఎవరున్నారో శ్రోతకు తెలుసు. మెద్దెబ్ తెరమీద నిర్మాణం కనబడకుండా పాట ఒక్కటే మిగలడంతో, ఆ శిబిరం మళ్ళీ రాని వసంతంలా, పోగొట్టుకున్న స్వర్గంలా రూపుకడుతుంది. ముందు చెప్పిన ప్రమాదం ఇదే. యుద్ధంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళే కథనం ప్రతి దృశ్యాన్నీ స్మృతిగీతంగా మార్చేస్తుంది. స్మృతిగీతం విన్నవాడు కళ్ళు తుడుచుకుని ఇంటికి వెళతాడు. కమిటీల మధ్య జరిగిన వాదాలు, సైన్యంతో అధికారం పంచుకోవడానికి 2019 ఆగస్టులో కుదిరిన ఒప్పందం సరైనదా కాదా అన్న చీలిక, ఆ చీలికలో ఇదే చిత్రంలోని స్నేహితులు ఎటువైపు ఉన్నారన్న ప్రశ్న, ఇవన్నీ గనక ఉండి ఉంటే చిత్రం అందం కొంత తగ్గేది, బరువు పెరిగేది.

ఇంకో కొరత కూడా ఉంది. 2023లో ఖార్టూమ్ వాసులకు వచ్చిపడిన యుద్ధం డార్ఫుర్‌లో ఇరవయ్యేళ్ళ కిందటే మొదలైంది. నూబా కొండల్లోనూ, బ్లూ నైల్ ప్రాంతంలోనూ జనం విమానాల నుంచి పడే బాంబుల కింద బతికారు. హజూజ్ కూకా 2014లో తీసిన ‘బీట్స్ ఆఫ్ ది ఆంటొనోవ్’ ఆ బాంబుల మధ్య శరణార్థి శిబిరాల్లో వాద్యాలు చేసుకుని పాడుకునేవాళ్ళ గురించినది. టొరంటోలో ప్రేక్షకుల బహుమతి పొందిన ఆ చిత్రంలో, ‘మేము అరబ్బులమా, ఆఫ్రికన్లమా’ అన్న ప్రశ్నను దాపరికం లేకుండా అడుగుతారు. 2019 శిబిరంలో ‘దేశమంతా డార్ఫుర్ అయింది’ అన్న అర్థం వచ్చే నినాదం మోగినప్పుడు, రాజధాని మొదటిసారి ఆ ప్రశ్నను తనదిగా ఒప్పుకుంది. మెద్దెబ్ పాత్రల్లో ఎక్కువమంది చదువుకున్న నగర యువత. వాళ్ళ నిజాయితీని శంకించనక్కరలేదు, కాని దేశంలో వాళ్ళొక వరస మాత్రమే.

ఈ కొరతను చాలావరకు తీర్చే చిత్రం ‘ఖార్టూమ్’. 2025 జనవరిలో సన్‌డాన్స్‌లో తొలిసారి చూపించిన ఈ చిత్రానికి అనస్ సయీద్, రవియా అల్‌హాగ్, ఇబ్రహీం స్నూపీ అహ్మద్, తిమియా మొహమ్మద్ అహ్మద్ అనే నలుగురు సూడాన్ దర్శకులతో పాటు బ్రిటిష్ దర్శకుడు ఫిల్ కాక్స్ పనిచేశాడు. 2022లో వాళ్ళు ఐఫోన్లతో నగరం మీద ఒక చిన్న దృశ్యకావ్యం తీద్దామనుకున్నారు. పావురాలు పెంచే ఒక ప్రభుత్వోద్యోగి, టీ అమ్ముకునే ఒక స్త్రీ, ప్రతిఘటన కమిటీలో పనిచేసే ఒక యువకుడు, ప్లాస్టిక్ సీసాలు ఏరుకునే ఇద్దరు వీధిపిల్లలు. చిత్రీకరణ సగంలో యుద్ధం వచ్చి దర్శకులూ పాత్రలూ అందరూ దేశం విడిచారు. కెన్యాలో మళ్ళీ ఒకచోట చేరి, ఆకుపచ్చ తెర ముందు నిలబడి, తాము పారిపోయిన రోజును తామే నటించి చూపించారు. ఒకరి జ్ఞాపకంలో మరొకరు వేషం కట్టారు.

ఆకుపచ్చ తెర అనగానే తెలుగువారికి బాహుబలి మాహిష్మతి గుర్తుకు వస్తుంది, లేనిదాన్ని ఉన్నట్టు చూపించే సాధనంగా. ‘ఖార్టూమ్’లో అది తలకిందులైంది. వెనుక అతికించిన నగరం అతికించినట్టే కనిపిస్తుంది. నటించేవాళ్ళు మధ్యలో ఆగిపోతారు, ఏడుస్తారు, దర్శకులు ఫ్రేములోకి వచ్చి వాళ్ళను పట్టుకుంటారు. నగరం లేదన్న నిజాన్ని చిత్రం దాచుకోదు. పైగా అక్కడ కార్యకర్త అయిదుగురిలో ఒకడు మాత్రమే. విప్లవం అంటే ఏమిటో అతను చెప్పేదీ, టీ అమ్ముకునే ఆమె చెప్పేదీ ఒకటి కాదు. సీసాలు ఏరుకునే పిల్లలకు కావలసింది మంచి చొక్కాలు. ఆ చొక్కాల కోరిక దగ్గర ప్రజాస్వామ్యం గురించి మాట్లాడే పెద్దమాటలన్నీ కాసేపు చిన్నబోతాయి. మెద్దెబ్ చిత్రంలో కవిత్వం ఎక్కువ. చూసినవాడిని ఎక్కువకాలం వెంటాడేది మాత్రం ‘ఖార్టూమ్’.

ఇక ‘అంతర్యుద్ధం’ అన్న మాటలోని రెండవ అబద్ధం. సూడాన్ యుద్ధం సూడాన్ లోపల జరుగుతున్నదేనా?

హెమెద్తీ సైన్యం జీతాలు ఎక్కడినుంచి వచ్చాయన్నది తెలియని విషయం కాదు. డార్ఫుర్‌లోని జబల్ ఆమిర్ బంగారు గనులను అతను 2017లో చేజిక్కించుకున్నాడు. అతని కుటుంబానికి చెందిన అల్ జునైద్ కంపెనీ బంగారం వ్యాపారం చేసింది. 2015 నుంచి యెమెన్ యుద్ధంలో సౌదీ, ఎమిరేట్స్ కూటమి తరఫున అతని మనుషులు వెళ్ళి పోరాడారు. యుద్ధం మొదలైన కొద్ది వారాలకే, 2023 జూన్‌లో, అమెరికా ఆ కంపెనీ మీదా, ఎమిరేట్స్‌లో నమోదైన మరో కంపెనీ మీదా ఆంక్షలు విధించింది. 2025 జనవరిలో హెమెద్తీ మీద, ఎమిరేట్స్‌లో ఉన్న మరో ఏడు కంపెనీల మీద కూడా. చాద్‌లోని అమ్‌జరాస్ విమానాశ్రయం మీదుగా ఆయుధాలు వెళుతున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2024 జనవరిలో తేల్చింది. అక్కడ నడిపింది ఆసుపత్రి మాత్రమేనని, ఏ పక్షానికీ ఆయుధాలు ఇవ్వలేదని ఎమిరేట్స్ ప్రభుత్వం మొదటినుంచీ ఖండిస్తూ వస్తోంది. 2025 మార్చిలో సూడాన్ ప్రభుత్వం అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన దావాను, తనకు విచారణాధికారం లేదన్న కారణంతో ఆ న్యాయస్థానం మే 5న కొట్టివేసింది. నిజానిజాలు తేల్చే దాకా విచారణ వెళ్ళనే లేదు. బంగారం సంగతి మాత్రం ఇంత వివాదాస్పదం కాదు. హెమెద్తీ బంగారమే కాదు, సైన్యం ఏలుబడిలోని ప్రాంతాల నుంచి అధికారికంగా ఎగుమతయ్యే బంగారంలో కూడా అత్యధిక భాగం చేరేది ఎమిరేట్స్‌కే. దుబాయి మీద కేసు వేసిన ప్రభుత్వమూ దుబాయికే అమ్ముకుంది.

దేరాలోని గోల్డ్ సూక్‌లో ఆదివారం సాయంత్రం తెలుగు వినబడని నిమిషం ఉండదు. అక్షయ తృతీయకు కాసుల పేరు, పెళ్ళికి వడ్డాణం, ఊరికి వెళ్ళేటప్పుడు అత్తగారికి గాజుల జత. కొలిమిలో ఒకసారి కరిగిన బంగారానికి పుట్టిల్లు ఉండదు. ఏ గాజులో ఏ గని ఉందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. అందువల్ల ఎవరినీ నేరస్థులను చేయడానికి లేదు. కాని ఖార్టూమ్ యువకుల గురించిన డాక్యుమెంటరీని ఇక్కడి ఫ్లాట్‌లో కూర్చుని చూసేవాడు, పారిస్‌లో కూర్చుని చూసేవాడూ ఒకటే దూరంలో లేరు. తెర మీద కనిపించని సగం కథ ఈ ఊరి బజారులో ఉంది.

శిబిరంలోని యువకులకు ఇదంతా తెలుసు. 2019 ఏప్రిల్‌లో సౌదీ, ఎమిరేట్స్ కలిసి సైనిక మండలికి 300 కోట్ల డాలర్ల సాయం ప్రకటించినప్పుడు, ఆ సాయం మాకు వద్దంటూ శిబిరంలో అట్టలు లేచాయి. అంత స్పష్టమైన రాజకీయ జ్ఞానం ఉన్నవాళ్ళ మీద తీసిన చిత్రం, ఆ జ్ఞానం దగ్గర ఆగకుండా వాళ్ళ కన్నీళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగడం చిన్న లోపం కాదు. మెద్దెబ్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. బంగారాన్ని చిత్రీకరించడం కష్టం. గనికి కెమెరాను రానివ్వరు, కంపెనీ లెక్కలకు ముఖం ఉండదు. కవిత చదివే పిల్లకు ముఖం ఉంది. పరిశోధనాత్మక పాత్రికేయం చేసే పనిని స్నేహితురాలి కెమెరా నుంచి ఆశించడంలో కొంత అన్యాయం ఉంది. అయినా ఒక్క దృశ్యం, ఒక్క సంభాషణ ఆ వైపు వేలు చూపించి నిలిస్తే, ‘మమ్మల్ని గుర్తుంచుకోండి’ అన్న శీర్షిక ఎవరిని ఉద్దేశించి అన్నదో తేటపడేది.

ఎమిరేట్స్‌కూ సూడాన్ సినిమాకూ సంబంధం బంగారంతోనే ముగిసిపోదు. ‘యూ విల్ డై ఎట్ ట్వంటీ’ (2019) తీసిన అమ్జద్ అబు అలాలా పుట్టింది దుబాయిలో, చదివింది ఎమిరేట్స్ విశ్వవిద్యాలయంలో. అతను నిర్మాతగా ఉన్న ‘గుడ్‌బై జూలియా’ యుద్ధం మొదలైన నెల రోజులకు కాన్స్‌లో బహుమతి పొందింది. దాని దర్శకుడు మొహమ్మద్ కొర్దోఫానీ బహ్రెయిన్‌లో విమానాల ఇంజనీరుగా పనిచేసి, ఆ ఉద్యోగం మానేసి సినిమాలోకి వచ్చినవాడు. 1989 సైనిక కుట్ర తరువాత సినిమాహాళ్ళు మూతబడ్డ దేశం అది. మూతబడ్డ ఒక హాలును తెరిపించాలని నలుగురు ముసలి దర్శకులు పడే పాట్లను సుహైబ్ గస్మెల్‌బారీ ‘టాకింగ్ అబౌట్ ట్రీస్’ (2019)లో నవ్విస్తూ చూపించాడు. అలాంటి చోట సినిమా మళ్ళీ బతికిందంటే ఆ పనిలో వలసజీవుల జీతాలకూ సెలవురోజులకూ వాటా ఉంది. దుబాయి అంతర్జాతీయ చిత్రోత్సవం 2017తో ఆగిపోయాక ఇలాంటి చిత్రాలకు ఈ దేశంలో మిగిలిన చోట్లు తక్కువ; అల్ కోజ్‌లోని సినిమా అకిల్ వంటివి ఒకటీ అరా.

భారతదేశానికి సూడాన్ మీద ఒకప్పుడు ఇంతకన్నా ఎక్కువ ఆసక్తి ఉండేది. 1953లో ఆ దేశపు తొలి పార్లమెంటు ఎన్నికలను దగ్గరుండి జరిపించినవాడు మన మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. ఖడక్‌వాస్లా సైనిక అకాడమీలో సూడాన్ పేరుతో ఉన్న భవనం, రెండవ ప్రపంచయుద్ధంలో భారత సైనికుల త్యాగానికి ఆ దేశం ఇచ్చిన డబ్బుతో కట్టినది. 2023లో ‘ఆపరేషన్ కావేరి’ కింద దాదాపు 3,800 మందిని పోర్ట్ సూడాన్ నుంచి జెద్దా మీదుగా స్వదేశానికి చేర్చాక, తెలుగు పత్రికల్లో సూడాన్ దాదాపుగా మాయమైంది. కోటీ ఇరవై లక్షలమందికి పైగా ఇళ్ళు విడిచిన యుద్ధం అది. పద్దెనిమిది నెలల ముట్టడి తరువాత 2025 అక్టోబర్‌లో ఎల్ ఫాషర్ హెమెద్తీ దళాల చేతికి చిక్కి, ఊచకోత దృశ్యాలు బయటపడినప్పుడు కూడా అది లోపలి పేజీ వార్తే.

మెద్దెబ్ చిత్రం ముగిసేసరికి ఆ స్నేహితులు దేశం దాటి చెల్లాచెదురయ్యారు. విప్లవం ఓడిపోయి, జ్ఞాపకంగా మిగిలిందన్న భావంతో ప్రేక్షకుడు లేస్తాడు. చరిత్ర అక్కడ ఆగలేదు. యుద్ధం మొదలైన తొలి రోజుల్లోనే, పేటల్లోని ప్రతిఘటన కమిటీల మనుషులు ‘అత్యవసర స్పందన గదులు’ పేరుతో తిరిగి జట్టుకట్టారు. నిన్నటిదాకా ఊరేగింపు ఏ వీధిలో తిరగాలో గీసుకున్న పటాలతోనే, ఏ ఇంట్లో రోగి ఉన్నాడో, ఏ బావిలో నీళ్ళున్నాయో, ఏ దారిలో కాపలా లేదో గుర్తించారు. అంతర్జాతీయ సంస్థలు వెళ్ళలేని చోట్ల ఉమ్మడి వంటశాలలు నడిపారు. కొందరు కమిటీ యువకులు హెమెద్తీ దళాల అకృత్యాలు చూసి సైన్యం పక్కన తుపాకీ పట్టిన మాటా నిజమే. ఉద్యమంలో అది మానని పుండు. ఎక్కువమంది మాత్రం గరిటె పట్టారు. రెండు సైన్యాలూ వాళ్ళను గూఢచారులని అనుమానించాయి, రెండూ అరెస్టు చేశాయి. 2025లో ఈ గదులకు నార్వేలో రాఫ్టో బహుమతి, స్వీడన్‌లో రైట్ లైవ్‌లీహుడ్ బహుమతి వచ్చాయి.

వీటి మీద నిండైన డాక్యుమెంటరీ రావలసి ఉంది. వస్తే, దానిలో కవిత్వం తక్కువగానూ లెక్కల పుస్తకాలు ఎక్కువగానూ ఉంటాయి: ఎన్ని సంచుల పప్పు, ఎన్ని కట్టెలు, ఎంతమంది పిల్లలు. డబ్బు వచ్చే దారి కూడా అందులో ఉండాలి. షార్జాలోనో రియాద్‌లోనో పనిచేసే సూడాన్ నర్సు, అకౌంటెంటు, టాక్సీ డ్రైవరు జీతం రాగానే కొంత విడదీసి పంపుతారు. అది బ్యాంక్ ఆఫ్ ఖార్టూమ్ వారి ‘బంకక్’ యాప్ ద్వారా ఒక వాలంటీరు ఫోనులోకి చేరుతుంది. నెట్‌వర్క్ లేని పేటల్లో ఆ వాలంటీరు స్టార్‌లింక్ పెట్టినవాడి దగ్గరకు వెళ్ళి, గంటకింత అని కట్టి, డబ్బు వచ్చిందో లేదో చూసుకుంటాడు. వచ్చిందంటే ఆ పూట పొయ్యి వెలుగుతుంది.